సర్ఫ్‌బోర్డు సొంతంగా చెక్కుకోవడం ఎలా

సర్ఫ్‌బోర్డు తయారీలో రెండు పనులున్నాయి. ఫోమ్ దిమ్మను చెక్కి ఆకారం తేవడం ఒకటి, దీన్ని షేపింగ్ అంటారు. దానిమీద ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్ పట్టించడం రెండోది, అది గ్లాసింగ్. మొదటిసారి చేసేవాళ్లు షేపింగ్‌కే ఎక్కువ భయపడతారు. బోర్డులు ఎక్కువగా పాడయ్యేది మాత్రం గ్లాసింగ్‌లో. చెక్కేటప్పుడు చెయ్యి ఆపి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకోవచ్చు, మిగతా పని రేపు చేసుకోవచ్చు. రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపాక మాత్రం మీకున్నది పావుగంటే. అందుకని షేపింగ్‌కు ఓపిక, గ్లాసింగ్‌కు ముందస్తు సన్నాహం కావాలి. వారాంతాలు మాత్రమే దొరికేవాళ్లు నాలుగైదు వారాలు పడుతుందని లెక్క వేసుకోండి.

ఏ ఫోమ్, ఏ రెసిన్

ఫోమ్ రెండు రకాలు. పాలీయురేథేన్, అంటే పీయూ. ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్, అంటే ఈపీఎస్. పీయూ దిమ్మ మీద పాలియెస్టర్ రెసిన్ గానీ ఎపాక్సీ గానీ వాడుకోవచ్చు. ఈపీఎస్ మీద ఎపాక్సీ ఒక్కటే వాడాలి. పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ ఈపీఎస్‌ను కరిగించేస్తుంది. పోసిన చోటల్లా గుంటలు పడి, రోజుల తరబడి చెక్కిన దిమ్మ కళ్లముందే కుంగిపోతుంది. దిమ్మ ఏ రకమో తెలియకపోతే కోసి పారేసే ముక్క మీద రెండు చుక్కల రెసిన్ వేసి చూడండి.

2005 డిసెంబర్ 5న అమెరికాలోని క్లార్క్ ఫోమ్ ఉన్నట్టుండి మూతపడింది. అక్కడి షేపర్లలో ఎక్కువమంది దిమ్మల కోసం ఆ ఒక్క కంపెనీ మీదే ఆధారపడి ఉండేవాళ్లు. ఆ దెబ్బతో చాలామంది ఈపీఎస్ వైపు చూశారు. ఇప్పుడు రెండూ దొరుకుతున్నాయి. మొదటి బోర్డుకు పీయూ, పాలియెస్టర్ జోడీనే మంచిది. పీయూ సుద్దముక్కలా సాఫీగా తెగుతుంది, శాండ్ పేపర్‌కు చక్కగా లొంగుతుంది. ఈపీఎస్‌లో పూసలు ఊడి గుంటలు పడతాయి, వాటిని మళ్లీ పూడ్చుకోవాలి. పాలియెస్టర్ గట్టిపడే వేగాన్ని హార్డెనర్‌తో కొంత అదుపు చేయవచ్చు. ఎపాక్సీకి ఆ వెసులుబాటు లేదు. కాకపోతే ఎపాక్సీకి వాసన తక్కువ, పని చేసుకునే సమయం ఎక్కువ. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట అదే మేలు కావచ్చు.

కొలతలు

మొదటి బోర్డు పొట్టిగా, పలచగా చేయాలన్న కోరికను అణచుకోండి. ముక్కు గుండ్రంగా, తోక గుండ్రంగా, పొడవు 7 అడుగులు ఉండే గుడ్డు ఆకారం బోర్డు చెక్కడం తేలిక. చిన్న పొరపాట్లను అది క్షమిస్తుంది, అలను తొందరగా అందుకుంటుంది. 60 నుంచి 80 కిలోల బరువున్న మనిషికి ఈ కొలతలు సరిపోతాయి: పొడవు 213 సెం.మీ., అత్యధిక వెడల్పు 55 సెం.మీ., ముక్కు కొస నుంచి 30 సెం.మీ. దగ్గర వెడల్పు 42, తోక కొస నుంచి 30 సెం.మీ. దగ్గర 39. మందం మధ్యలో 7.3 సెం.మీ., అవే 30 సెం.మీ. గుర్తుల దగ్గర ముక్కు వైపు 4.5, తోక వైపు 4.8. పరిమాణం దాదాపు 46 లీటర్లు వస్తుంది.

బోర్డును పక్కనుంచి చూస్తే కనబడే వంపు రాకర్. ఈ బోర్డుకు ముక్కు దగ్గర 10 నుంచి 11 సెం.మీ., తోక దగ్గర 5 సెం.మీ. పైకి లేచి ఉంటే చాలు. రాకర్‌ను మీరు చెక్కి సృష్టించకండి, దిమ్మతోనే కొనుక్కోండి. కావలసిన పొడవుకంటే 8 నుంచి 15 సెం.మీ. ఎక్కువున్న, మీ వంపుకు దగ్గరగా పోతపోసిన దిమ్మ ఎంచుకుంటే చెక్కే పని సగం తగ్గుతుంది. పీయూ దిమ్మ పైపొరల్లో గట్టిగా, లోపలికి వెళ్లేకొద్దీ మెత్తగా ఉంటుంది. వంపు మార్చాలని లోతుగా చెక్కితే ఆ గట్టి పొర పోయి, డెక్, అంటే మీరు నిలబడే పైభాగం, మడమల కింద తొందరగా సొట్టలు పడుతుంది.

దిమ్మ తెచ్చుకోగానే స్టాండ్ల మీద పెట్టి తోక వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. మధ్యలో పొడవునా వెళ్లే చెక్క బద్ద, అంటే స్ట్రింగర్, బాణంలా తిన్నగా ఉండాలి. ముక్కు దగ్గర, తోక దగ్గర ఒక్కో స్కేలు అడ్డంగా పెట్టి రెండింటినీ ఒకే చూపులో కలపండి. అవి సమాంతరంగా లేకపోతే దిమ్మ మెలిక తిరిగిందని అర్థం. కొద్దిపాటి మెలిక చిత్రికలో పోతుంది, ఎక్కువుంటే దిమ్మ మార్చుకోండి.

గది, వెలుతురు, పనిముట్లు

షేపింగ్‌లో అసలు పనిముట్టు వెలుతురు. తల మీద వెలిగే దీపం గుంటలనూ గడ్డలనూ దాచేస్తుంది. అది ఆర్పేసి, బోర్డుకు రెండు పక్కలా, దాని ఎత్తుకు ఓ జానెడు పైన, గోడ పొడవునా ట్యూబ్‌లైట్లు బిగించండి. పక్కనుంచి వచ్చే కాంతికి ఒక మిల్లీమీటరు గుంట కూడా నీడ వేస్తుంది. గోడ ముదురు నీలమో ఆకుపచ్చో అయితే తెల్లటి ఫోమ్ అంచు స్పష్టంగా కనబడుతుంది. షెడ్డులో తగిన గోడ లేకపోతే ముదురు రంగు గుడ్డ వేలాడదీసినా సరే.

స్టాండ్లు నడుము ఎత్తున, 60 నుంచి 70 సెం.మీ. ఎడంగా ఉండాలి. వాటి పైన మెత్తటి స్పాంజి చుట్టండి. బోర్డును అంచు మీద నిలబెట్టడానికి వీలుగా ప్రతి స్టాండుకూ మధ్యలో ఒక గాడి ఉండాలి. గ్లాసింగ్‌కు వేరే స్టాండ్లు కావాలి. బోర్డు వెడల్పుకన్నా సన్నగా ఉండే ఇవి వేలాడే గుడ్డకు అడ్డం రావు. కింద బరువు పెట్టి కదలకుండా చేసుకోండి.

పనిముట్లు ఇవి చాలు: చేతి రంపం, ఎలక్ట్రిక్ ప్లేనర్ (కరెంటు చిత్రిక), ఫోమ్ గీరే సర్‌ఫార్మ్, స్ట్రింగర్ కోసం చిన్న చేతి చిత్రిక, 40 నుంచి 220 నంబరు దాకా శాండ్ పేపర్, ప్లాస్టరింగ్ పనిలో వాడే జల్లెడలాంటి రుద్దుడు జాలీ, మందం కొలిచే పెద్ద కాలిపర్, మూలమట్టం, పెన్సిళ్లు. ప్లేనర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు దాన్ని పక్కన పెట్టవచ్చు. 45 సెం.మీ. పొడవున్న గట్టి పలకకు 40 నంబరు శాండ్ పేపర్ అంటించి, దాంతో, సర్‌ఫార్మ్‌తో మొత్తం పని చేసుకోవచ్చు. సమయం రెండింతలు పడుతుంది, కానీ ఒక్క క్షణంలో సెంటీమీటరు లోతు గాడి పడే ప్రమాదం ఉండదు.

ఫోమ్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చెక్కినంతసేపూ ధూళి మాస్కు, కళ్లద్దాలు ఉండాలి.

టెంప్లేట్, రంపం

3 మి.మీ. హార్డ్‌బోర్డు మీద సగం ఆకారమే గీయండి. ఒకే సగాన్ని రెండువైపులా తిప్పి వాడితే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. తిన్నటి అంచును స్ట్రింగర్ గీతగా తీసుకుని, పైన చెప్పిన వెడల్పుల సగాలు (21, 27.5, 19.5 సెం.మీ.) గుర్తించండి. అత్యధిక వెడల్పును పొడవుకు మధ్యలో గానీ, 2, 3 సెం.మీ. ముక్కు వైపు గానీ పెట్టండి. గుర్తుల దగ్గర చిన్న మేకులు కొట్టి, వాటి చుట్టూ పలచటి చెక్క బద్దను వంచి గీత గీయండి. బద్ద తనంతట తాను తీసుకునే వంపు కంటికి ఇంపుగా ఉంటుంది. ఏదైనా మేకు దగ్గర అది బలవంతంగా మెలిక తిరుగుతుంటే మీ కొలతే తప్పు, ఆ మేకును కొద్దిగా జరపండి. కోసిన టెంప్లేట్ అంచును శాండ్ పేపర్‌తో సాపు చేసి, కళ్లు మూసుకుని వేలితో తడమండి. కంటికి దొరకని ఎగుడుదిగుడు వేలికి దొరుకుతుంది.

గీత గీసే ముందు దిమ్మ అడుగుభాగం పైపొర తీసెయ్యాలి. ప్లేనర్‌ను 1 నుంచి 1.5 మి.మీ. లోతుకు పెట్టి, తోక నుంచి ముక్కు దాకా ఆగకుండా నడుస్తూ లాగండి. మధ్యలో ఆగినచోట గుంట పడుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు నేల మీద అడ్డం ఏమీ లేకుండా చూసుకోండి. వరసలు పక్కపక్కన కొద్దిగా ఒకదానిమీద ఒకటి పడేలా వెళ్లండి. అడుగు నుంచి తీసేది 3, 4 మి.మీ. మించకూడదు.

ఇప్పుడు టెంప్లేట్ తిన్నటి అంచును స్ట్రింగర్ మధ్యగీతకు ఆనించి ఒక పక్క గీయండి, తిప్పి రెండో పక్క గీయండి. గీతకు 3 మి.మీ. బయటే రంపం నడపాలి. రంపం నిలువుగా ఉండాలి. వాలితే పైన ఒక వెడల్పు, కింద ఇంకో వెడల్పు వచ్చి, సరిచేసేసరికి బోర్డు సన్నబడుతుంది. మిగిలిన 3 మి.మీ.ను పొడవాటి శాండ్ పేపర్ పలకతో తీస్తూ గీత దాకా రండి. ప్రతి 20 సెం.మీ.కు మూలమట్టం పెట్టి చూడండి, పక్కగోడ అడుగుకు సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. ఈ దశలో తొందరపడితే తర్వాత వచ్చే ప్రతి కొలతా తప్పుతుంది, ఎందుకంటే బోర్డు పక్క అంచుల, అంటే రెయిళ్ల, గీతలన్నీ ఈ గోడ మీదే గీస్తారు.

అడుగు, మందం

అడుగుభాగం అడ్డంగా చదునుగా ఉండాలి. చివరి 50 సెం.మీ.లో మాత్రం స్ట్రింగర్ కొద్దిగా ఎత్తుగా ఉండి, రెండు పక్కలకూ 3 మి.మీ. వాలు వచ్చేలా చేస్తే బోర్డు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తేలికగా ఒరుగుతుంది. దీన్ని వీ అంటారు. లోపలికి గుంటగా ఉండే కాన్‌కేవ్ జోలికి ఈసారి వెళ్లకండి. రెండు పక్కలా ఒకే లోతు రాకపోతే బోర్డు ఒకవైపు లాగుతుంది, ఆ తేడా పట్టుకోవడానికి అలవాటైన కన్ను కావాలి.

అడుగు పూర్తయిందని తేల్చుకున్నాకే బోర్డు తిప్పండి. ఇక ముందు మందం తగ్గించేదంతా డెక్ వైపు నుంచే. కాలిపర్‌తో మూడుచోట్ల కొలిచి, ఎంత తీయాలో ఫోమ్ మీదే పెన్సిల్‌తో రాసుకోండి. లక్ష్యానికి 2 మి.మీ. ముందే ఆగండి, రుద్దుడు పనిలో ఆ 2 మి.మీ. ఎలాగూ పోతుంది.

ఫోమ్‌తోపాటు స్ట్రింగర్ కూడా దిగాలి. చెక్క ఫోమ్‌కన్నా గట్టిది కాబట్టి ప్రతి రుద్దుడుకూ అది గట్టులా పైకి మిగిలిపోతుంది. చిన్న చిత్రిక బ్లేడును పలచగా పెట్టి, చెక్క నార వెళ్లే దిశలోనే నెట్టండి. ఎదురు నెడితే పేళ్లు లేచి పక్కనున్న ఫోమ్‌ను కూడా చీల్చుకొస్తాయి. నార దిశ బోర్డు మధ్యలో మారుతుంటుంది, అందుకే వంపు ఎక్కే వైపుగా కాక దిగే వైపుగా చెక్కండి.

రెయిళ్లు

బోర్డు స్వభావం తేలేది ఇక్కడే. రెయిల్ మరీ మందంగా, పెట్టెలా ఉంటే అలలోకి దిగబడదు. మరీ పలచనైతే నిలబడగానే మునుగుతుంది. గుండ్రదనాన్ని ఒకేసారి చేతి అంచనాతో తేవాలని చూడకండి. ముందు చదునైన పట్టీలుగా కోసి, తర్వాత వాటి మూలలు అరగదీస్తారు. పట్టీకి గీత ఉంటుంది, గీత ఉంటే రెండు పక్కలూ సమానంగా వస్తాయి.

డెక్ పైకి ఉండగా, బోర్డు మధ్యభాగంలో పక్కగోడ మీద అడుగు నుంచి 4.5 సెం.మీ. ఎత్తున ఒక గీత, డెక్ మీద అంచు నుంచి 7.5 సెం.మీ. లోపలికి ఇంకో గీత గీయండి. ముక్కు, తోక వైపు వెళ్లేకొద్దీ మందం తగ్గుతుంది కాబట్టి గీతలు కూడా ఆ మేరకు దగ్గరపడాలి. కొసల దగ్గర డెక్ గీత 4 సెం.మీ. లోపలికి ఉంటే చాలు. రెండు గీతల మధ్య మూలను కోసెయ్యండి, ఇది మొదటి పట్టీ. రెండో పట్టీకి గోడ మీద 3 సెం.మీ. ఎత్తున గీత, మొదటి పట్టీ మీద అంచు నుంచి 3 సెం.మీ. లోపలికి గీత గీయండి. ఇది మరింత నిటారుగా వస్తుంది. మూడో పట్టీ చాలా పలచన: మొదటి పట్టీ డెక్‌ను కలిసే కోణాన్ని 15 సెం.మీ. లోపలి దాకా మెల్లగా విస్తరించి డెక్ వంపులో కలిపేయాలి.

ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళ్లకండి. మొదటి పట్టీ రెండువైపులా, తర్వాత రెండో పట్టీ రెండువైపులా చెయ్యండి. ప్లేనర్‌తో ఎన్ని లాగుడులు లాగారో లెక్కపెట్టుకుని రెండో వైపూ అన్నే లాగండి. ఇది చిన్న అలవాటే అయినా దీన్ని మించిన కొలబద్ద లేదు.

ఇక బోర్డు తిప్పి అడుగు మూల చూడండి. అడుగున 2 సెం.మీ. లోపలికి, గోడ మీద 1.5 సెం.మీ. ఎత్తున గీతలు గీసి ఆ మూల తీసేయండి. ముక్కు నుంచి మధ్య దాకా ఇలాగే, అక్కణ్నుంచి తోక వైపు క్రమంగా తగ్గిస్తూ, చివరి 45 సెం.మీ.లో అసలు తీయకుండా అడుగు మూలను పదునుగా వదిలేయండి. తోక దగ్గర నీరు ఆ పదును నుంచి ఠక్కున విడిపోవాలి. అక్కడ గుండ్రంగా ఉంటే నీరు అంచును పట్టుకుని పైకి పాకుతుంది, బోర్డు వేగం మందగిస్తుంది.

పట్టీల మూలలను ముందు సర్‌ఫార్మ్‌తో, తర్వాత రుద్దుడు జాలీని రెండు చేతులా పట్టుకుని, బూట్లకు పాలిష్ పెట్టినట్టు రెయిల్ మీదుగా లాగుతూ గుండ్రం చేయండి. చివరగా 120, తర్వాత 220 కాగితం. దీపాల మధ్య బోర్డును నిలబెట్టి ముక్కు నుంచి, తోక నుంచి చూడండి. కళ్లు మూసుకుని రెండు చేతులతో రెండు రెయిళ్లనూ ఒకేసారి తడుముతూ నడవండి. ఫోమ్‌లో వదిలేసిన గుంటను రెసిన్ పూడుస్తుందని ఆశపడకండి. రెసిన్ మెరుపులో ఆ గుంట రెట్టింపై కనబడుతుంది.

కొలతలు రాయాలనుకుంటే స్ట్రింగర్ పక్కన మామూలు పెన్సిల్‌తో రాయండి. మార్కర్ సిరా రెసిన్‌లో కరిగి మరకలవుతుంది. ధూళి అంతా ఊది, పొడి బ్రష్‌తో దులపండి. తడి గుడ్డ వద్దు.

గ్లాసింగ్‌కు ముందు

అడుగుకు 6 ఔన్సుల గుడ్డ ఒక పొర, డెక్‌కు 6 ఔన్సులది ఒకటి, 4 ఔన్సులది ఒకటి. చదరపు మీటరుకు గ్రాముల్లో అయితే ఇవి సుమారు 200, 135. 76 సెం.మీ. వెడల్పు గుడ్డ మూడు పొరలకూ కలిపి 7 మీటర్లు కావాలి. రెసిన్ అడుగు పొరకు దాదాపు 700 మి.లీ., డెక్‌కు 1,100, పైపూతలకు ఒక్కోదానికి 400. ఒలికేది, ఫిన్ (తోక దగ్గర అడుగున బిగించే రెక్క) పని కలుపుకుని 4 లీటర్లు దగ్గరుంచుకోండి.

పాలియెస్టర్ రెసిన్‌లో రెండు రకాలున్నాయని మరిచిపోకండి. గుడ్డను అంటించే లామినేటింగ్ రెసిన్‌లో మైనం ఉండదు. గాలి తగిలే పైభాగం కొద్దిగా జిగురుగా మిగిలి, తర్వాతి పొరను గట్టిగా పట్టుకుంటుంది. పైపూతకు వాడే శాండింగ్ రెసిన్‌లో మైనం ఉంటుంది. అది పైకి తేలి గాలిని అడ్డుకోవడం వల్ల పూత రాయిలా గట్టిపడి శాండ్ పేపర్‌కు లొంగుతుంది. ఈ రెండూ తారుమారైతే, మైనం మీద వేసిన గుడ్డ కొన్ని నెలలకు పొరలా లేచివస్తుంది.

హార్డెనర్ పేరు మెక్‌ప్. 20 నుంచి 25 డిగ్రీల గదిలో రెసిన్ పరిమాణానికి 1.5 శాతం, అంటే 700 మి.లీ.కు 10.5 మి.లీ. వేడిగా ఉంటే 1 శాతం, చల్లగా ఉంటే 2. ఒక శాతం కన్నా తగ్గితే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడకపోవచ్చు. రెండు దాటితే డబ్బాలోనే ఉడికి పొగలు కక్కుతుంది. అసలు పనికి ముందు 100 మి.లీ.లో 1.5 మి.లీ. కలిపి, ఎన్ని నిమిషాలకు జెల్లీలా మారుతుందో గడియారం పెట్టుకుని చూడండి. 15 నిమిషాలు వస్తే హాయిగా పని చేసుకోవచ్చు.

మెక్‌ప్ చుక్క కంట్లో పడితే చూపు పోగలదు. కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకండి. పడిందంటే వెంటనే నీళ్ల కింద కన్ను పెట్టి 15 నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. మెక్‌ప్‌ను రెసిన్‌ను త్వరగా గట్టిపరిచే కోబాల్ట్ ద్రావణంతో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. స్టైరీన్ ఆవిరిని ధూళి మాస్కు ఆపలేదు, సేంద్రియ ఆవిరుల కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. చేతులకు నైట్రైల్ తొడుగులు. శుభ్రానికి వాడే అసిటోన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, చుట్టుపక్కల మంట గానీ స్పార్క్ గానీ ఉండకూడదు.

ఎపాక్సీ ఎంచుకున్నవాళ్లకు ఒక్క హెచ్చరిక. అందులో రెండు భాగాల నిష్పత్తి డబ్బా మీద రాసినంతే ఉండాలి. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే అది మెత్తగానే మిగిలిపోతుంది. ఈపీఎస్ దిమ్మ పూసల మధ్య ఉన్న గాలి వేడికి వ్యాకోచించి బుడగలుగా పైకి వస్తుంది. కాబట్టి గదిని ముందే వెచ్చగా ఉంచి, వేడి తగ్గుముఖం పట్టిన వేళ, అంటే సాయంత్రం, రెసిన్ పోయండి. అంతకుముందే పలచటి ఫిల్లర్‌తో దిమ్మ రంధ్రాలు మూసేయాలి.

గుడ్డ పరచడం

అడుగు పైకి ఉండేలా బోర్డు పెట్టి గుడ్డ పరవండి. రెయిల్ చుట్టూ తిరిగి డెక్ మీదకు 5 సెం.మీ. వచ్చేలా వదిలి మిగతాది కత్తిరించండి. ముక్కు, తోక వంపుల దగ్గర గుడ్డ ముడతలు పడకుండా 4, 5 సెం.మీ.కు ఒక చీలిక ఇవ్వండి. కత్తెర, స్క్వీజీ (రెసిన్ పరిచే రబ్బరు పలక), తొడుగులు, అసిటోన్ అన్నీ చేతికందేచోట ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోండి. ఆ తర్వాతే హార్డెనర్ కలపాలి. డబ్బా అంచులనూ అడుగునూ గీకుతూ పూర్తి నిమిషం కలపండి. కలవని చోట రెసిన్ బోర్డు మీద ఎప్పటికీ జిగురుగా ఉండిపోతుంది.

మూడొంతుల రెసిన్‌ను బోర్డు మధ్యలో పొడవునా పోసి, స్క్వీజీతో పలచగా పరిచి ఒక నిమిషం వదిలేయండి. తెల్లటి గుడ్డ రెసిన్ పీల్చుకుని గాజులా పారదర్శకం అవుతుంది. తర్వాత మధ్య నుంచి రెయిళ్ల వైపు లాగుతూ, అంచున కారే రెసిన్‌తోనే వేలాడే గుడ్డను తడపండి. పొడిగా కనబడినచోట మిగిలిన పావు వంతు వాడండి. అప్పుడు వేలాడే గుడ్డను స్క్వీజీతో రెయిల్ కిందకు మడిచి అదిమేయండి. ముందు మధ్యభాగం, చివర్న ముక్కు, తోక.

చివరి లాగుడు అన్నిటికన్నా ముఖ్యం. గుడ్డ కింద రెసిన్ మడుగు కట్టి ఉంటే గుడ్డ తేలుతుంది, తర్వాత సానపెట్టేటప్పుడు అక్కడ కోసుకుపోతుంది. గట్టిగా లాగేస్తే నేత తెల్లగా, పొడిగా మిగిలి నీరు పీలుస్తుంది. నేత గళ్లు స్పష్టంగా కనబడుతూ, వాటి సందుల్లో మెరుపు లేకుండా, తెల్లదనం లేకుండా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రెసిన్ చిక్కబడి జెల్లీ ముద్దల్లా లేస్తోందంటే ఆ క్షణమే ఆపేయండి. ఆ తర్వాత చేసే ప్రతి లాగుడూ గుడ్డను జరిపి ముడతలు వేస్తుంది. డబ్బాలో మిగిలిన రెసిన్ వేడెక్కుతుంది, దాన్ని ఆరుబయట ఇసుకలోనో వెడల్పాటి పళ్లెంలోనో పలచగా పరిచేయండి.

గట్టిపడ్డాక డెక్ వైపు తిప్పి, మడిచిన గుడ్డ అంచును సర్‌ఫార్మ్‌తో సాపు చేయండి. ఆ అంచు మెట్టులా మిగిలితే పై గుడ్డ కింద గాలి సొరంగం ఏర్పడుతుంది. గీరేది గుడ్డ అంచునే, ఫోమ్‌ను కాదు. ఆపైన డెక్‌కు రెండు పొరలూ ఒకేసారి పరిచి, అదే పద్ధతిలో రెసిన్ పట్టించి, అడుగు వైపు 5 సెం.మీ. మడవండి. దాంతో రెయిల్ మీద మూడు పొరలు పడతాయి.

ఫిన్, తాడు బిగింపు

మూడు ఫిన్‌ల అమరికను ఆస్ట్రేలియా షేపర్ సైమన్ ఆండర్సన్ 1981 పోటీల్లో గెలిచి చూపించాక ప్రపంచమంతా అందుకుంది. అయినా మొదటి బోర్డుకు మధ్యలో ఒకే పొడవాటి ఫిన్ బాక్సు మేలు. ఒకే గాడి తవ్వాలి, పక్క ఫిన్‌ల వాలు, కోణాలతో పని లేదు. పైగా బాక్సులో ఫిన్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు కాబట్టి స్థానం కాస్త తప్పినా సరిదిద్దుకోవచ్చు. ముందుకు జరిపితే బోర్డు తేలికగా తిరుగుతుంది, వెనక్కు జరిపితే స్థిరంగా వెళ్తుంది.

బాక్సు వెనక కొస తోక నుంచి 12 నుంచి 15 సెం.మీ. దూరంలో, స్ట్రింగర్ గీత మీద ఉండాలి. బాక్సునే పెట్టి చుట్టూ గీసి, రౌటర్‌తో దాని లోతుకు సరిగ్గా గాడి తవ్వండి. ముందు ఆ చోట బోర్డు మందం కొలవండి, గాడి కింద ఒక సెంటీమీటరు ఫోమ్ అయినా మిగలాలి. గాడిలో గుడ్డ ముక్క పరిచి, 1 శాతం హార్డెనర్ కలిపిన రెసిన్‌లో సన్నటి ఫైబర్ పొడి కలిపి పోసి, బాక్సు పైచీలికకు టేపు అంటించి దించండి. మందంగా పోసిన రెసిన్ ఎక్కువ వేడెక్కి ఫోమ్‌ను మాడుస్తుంది, హార్డెనర్ తగ్గించమన్నది అందుకే. ఫిన్ పెట్టి మూలమట్టంతో నిటారుగా ఉందో లేదో చూసి, గట్టిపడేదాకా కదపకండి. కాలికి కట్టుకునే తాడును బోర్డుకు తగిలించే ప్లగ్ డెక్ మీద, తోక నుంచి 7, 8 సెం.మీ. దూరంలో, స్ట్రింగర్‌కు కొద్దిగా పక్కన ఇదే పద్ధతిలో అమరుతుంది.

పైపూత, సానపట్టడం

శాండింగ్ రెసిన్ 400 మి.లీ. తీసుకుని, 8 సెం.మీ. బ్రష్‌తో ముందు పొడవునా, తర్వాత అడ్డంగా, మళ్లీ పొడవునా తేలిగ్గా దువ్వండి. రెయిల్ కింద కారే చోట ముందే టేపు వేసి, రెసిన్ జెల్లీలా అవుతున్నప్పుడు తీసేయండి. అడుగు పూత వేసేటప్పుడు తోక అంచు చుట్టూ టేపును 3 మి.మీ. పైకి నిలబెడితే రెసిన్ అక్కడ కట్టలా ఆగి, సానపెట్టాక పదునైన అంచు వస్తుంది. పూతలో చేపకళ్లలా గుండ్రటి ఖాళీలు పడితే కింద జిడ్డు ఉందని అర్థం. లామినేట్ చేసిన బోర్డును ఒట్టి చేతులతో ముట్టుకోకపోతే ఆ తంటా ఉండదు.

ఒక రోజు ఆరనిచ్చి 80తో మొదలుపెట్టి 120, 220 దాకా వెళ్లండి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరు. నేత గళ్లు బయటపడగానే ఆ చోట ఆపేయండి. అక్కడ పూత అయిపోయి గుడ్డ తెగుతోంది. రెయిళ్ల మీద ఇది తొందరగా జరుగుతుంది, అక్కడ యంత్రం పక్కన పెట్టి చేతితోనే రుద్దండి. పొరపాటున గుడ్డ దాకా పోతే ఆ చోట మళ్లీ కొద్దిగా పూత వేసి సానపట్టండి. మెరుపు కావాలంటే 400, 600 నీళ్ల కాగితంతో రుద్దవచ్చు. అలలకు మాత్రం 220 సరిపోతుంది. గ్లాసు ధూళి చర్మంలో గుచ్చుకుని దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుని తర్వాత చన్నీళ్లతో కడుక్కోండి.

పాలియెస్టర్ అయినా ఎపాక్సీ అయినా నీళ్లలో దించే ముందు ఒక వారం నీడలో ఉంచండి. తొలి ఈత తర్వాత బోర్డు తుడిచి, ఫిన్ బాక్సు చుట్టూ, ప్లగ్ చుట్టూ, గుడ్డ మడతల వెంట వేలితో నొక్కి చూడండి. ఎక్కడైనా నీటి బుడగ వచ్చిందంటే సూదిమొన రంధ్రం ఉన్నట్టే. ఆ చోటును కిందికి ఉంచి రెండు మూడు రోజులు పూర్తిగా ఆరబెట్టి, 80 కాగితంతో గరుకు చేసి, ఒక చెంచా రెసిన్‌తో మూసేయండి. తడి ఉండగా మూస్తే నీరు లోపలే చిక్కుకుని ఫోమ్ పసుపురంగుకు తిరుగుతుంది, గుడ్డ అక్కణ్నుంచే లేవడం మొదలవుతుంది.